ఇంటి చదువు, బ్యాంకు ఉద్యోగం: రెండూ సాగేదెలా?

2020 మార్చిలో దేశమంతటా బళ్లు మూతపడ్డాయి. బ్యాంకులు మూతపడలేదు. మహిళల జన్‌ధన్ ఖాతాల్లో ఏప్రిల్ నుంచి మూడు నెలలపాటు నెలకు 500 రూపాయల చొప్పున పడిన సొమ్ము తీసుకోవడానికి వచ్చినవారితో బ్రాంచీల ముందు బారులు తీరిన రోజులవి. కౌంటరు ఇవతల మనం మాస్కు కట్టుకుని పని చేస్తుంటే, ఇంట్లో పిల్లలు ఫోను ముందు కూర్చుని పాఠాలు వినేవారు. పిల్లల చదువు, పెద్దల ఉద్యోగం ఒకే ఇంట్లో ఎలా ఇమడాలన్న ప్రశ్న అప్పుడు మనం కోరి తెచ్చుకున్నది కాదు.

ఇప్పుడు కొన్ని కుటుంబాలు అదే ప్రశ్నను కోరి వేసుకుంటున్నాయి. మూడేళ్లకోసారి వచ్చే బదిలీ, విద్యా సంవత్సరం మధ్యలో కొత్త ఊరు, కొత్త భాష, దొరకని సీటు ఒక కారణం. పిల్లవాడికి ప్రత్యేక అవసరాలు ఉండటం, బడిలో నలిగిపోవడం, ఆటలోనో సంగీతంలోనో గట్టి సాధన చేస్తుండటం ఇంకొన్ని కారణాలు. కారణం ఏదైనా, మాట ఇంటి చదువు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో అందరి చూపూ ఒకవైపే తిరుగుతుంది. "అయితే అమ్మ ఉద్యోగం మానేస్తుందా?" అని.

ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకుండా, లెక్క వేసుకుని చెప్పడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. లెక్కలు మనకు కొత్త కాదు కదా.

1. ముందుగా, మీది ఏ రకం?

ఇంటి చదువు అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. మొదటిది, బడి పూర్తిగా మాని ఏళ్ల తరబడి ఇంట్లోనే చదవడం. రెండోది, వంతెన చదువు. బదిలీకీ కొత్త బడికీ మధ్య మూడు నాలుగు నెలలు ఇంట్లో నెట్టుకురావడం. మూడోది, బడికి పంపుతూనే సాయంత్రాలు, సెలవు రోజులు మనమే నేర్పడం.

వంతెన చదువుకు సెలవులు సర్దుకుంటే సరిపోవచ్చు. మూడో రకానికి సెలవు కూడా అక్కర్లేదు, క్రమం ఉంటే చాలు. మొదటి రకానికి మాత్రం ఇంటి వ్యవస్థ మొత్తం మారాలి. చాలా ఇళ్లలో రెండో రకం అవసరానికి మొదటి రకం నిర్ణయం తీసుకుంటారు. నాలుగు నెలల ఇబ్బంది కోసం పదిహేనేళ్ల సర్వీసు వదులుకోవడం అంటే, ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

2. చట్టం ఏం చెబుతోంది?

2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమని ఆ చట్టంలోని 10వ సెక్షను చెబుతుంది. అలా చేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం చట్టంలో లేదు. ఇంటి చదువును చట్టం ప్రత్యేకంగా గుర్తించనూ లేదు, పేరు పెట్టి నిషేధించనూ లేదు. అంటే ఈ దారిలో వెళ్లేవారు తమ పిల్లల చదువుకు తామే లెక్క చెప్పగలిగి ఉండాలి. ఏం చదివాడు, ఏం రాశాడు, ఎంత నేర్చుకున్నాడు అన్నదానికి తేదీలతో పుస్తకం ఉండాలి.

ఇదే చట్టంలో బదిలీల మీద తిరిగే మనవాళ్లకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. బడి మధ్యలో మానిన, లేదా అసలు చేరని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, మిగతావారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను చెబుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారేటప్పుడు టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని 5వ సెక్షను చెబుతుంది. సీటు దొరకలేదు కాబట్టి ఇంటి చదువే గతి అనుకునేవారు ఈ రెండూ ఒకసారి చూసుకోవాలి.

3. ఎన్ని గంటలు కావాలి?

బడిలో పిల్లలు ఆరేడు గంటలు ఉంటారు కాబట్టి ఇంట్లోనూ ఆరేడు గంటలు చెప్పాలన్న భయమే ఉద్యోగస్థులను ముందుగా వెనక్కి లాగుతుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు, 1,000 గంటలు. ప్రాథమిక తరగతుల్లో భాగహారం చేస్తే రోజుకు 4 గంటలు. ఆ 4 గంటలు ఒక ఉపాధ్యాయుడు 30 మంది పిల్లలకు పంచేవి. హాజరు, నోట్సు దిద్దడం, అల్లరి ఆపడం అన్నీ అందులోనే.

ఇంట్లో ఒకరికి ఒకరు కూర్చున్నప్పుడు అంత సమయం పట్టదు. 6 నుంచి 8 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట, గంటన్నర ఎదురుగా కూర్చుని చెబితే సరిపోతుంది. 9 నుంచి 11 ఏళ్లవారికి సుమారు 2 గంటలు. 12 దాటినవారికి పెద్దల సమయం 2 గంటలే అయినా, సొంతంగా చదివే సమయం 3 గంటలకు పెరగాలి. మిగిలిన రోజంతా చదవడం, గీయడం, ఆడటం, ఇంటి పనిలో చేయి కలపడం. వాటినీ చదువులో భాగంగానే చూడాలి, ఖాళీ సమయంగా కాదు.

రోజుకు 2 గంటలు, ఏడాదికి 190 రోజులు అంటే 380 గంటలు. ఇద్దరు తల్లిదండ్రుల మధ్య పంచితే ఒక్కొక్కరికి రోజుకు గంట. ఈ లెక్కలో ఉద్యోగం మానాల్సిన అవసరం ఎక్కడా కనిపించదు. మరి ఇబ్బంది ఎక్కడుంది?

4. చదువు వేరు, తోడు వేరు

బడి మనకు మూడు పనులు చేసిపెడుతుంది. పాఠం చెబుతుంది. మనం ఆఫీసులో ఉన్నంతసేపూ పిల్లలను భద్రంగా చూసుకుంటుంది. తోటి పిల్లల స్నేహం ఇస్తుంది. బడి మానిపించగానే ఈ మూడూ ఒకేసారి మన నెత్తిన పడతాయి. మనం మాత్రం మొదటి దాని గురించే బెంగపడతాం.

పాఠానికి రోజుకు రెండు గంటలు చాలు. కనిపెట్టుకుని ఉండటానికి, ప్రయాణంతో కలిపి చూస్తే, రోజుకు 9, 10 గంటలు కావాలి. ఉద్యోగాన్ని కదిలించేది ఈ పది గంటలే. అందుకే "ఎవరు చదువు చెబుతారు?" అన్న ప్రశ్న కన్నా ముందు "పగలు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరుంటారు?" అన్నది తేలాలి. దానికి నికరమైన జవాబు లేకుండా పూర్తి ఇంటి చదువు మొదలుపెట్టకండి. పదేళ్ల పిల్లను ఫోను చేతికిచ్చి తాళం వేసి వెళ్లడం ఇంటి చదువు కాదు. బ్రాంచిలో ఒక మూల కూర్చోబెడదామన్న ఆలోచనా వద్దు. నగదు, కస్టమర్ల కాగితాలు ఉండే చోట అది పిల్లలకూ మంచిది కాదు, మనకూ మంచిది కాదు.

చాలా ఇళ్లలో ఆ పెద్దమనిషి నాయనమ్మో, అమ్మమ్మో, తాతయ్యో అవుతారు. వాళ్లకు చెప్పడం కాదు, వాళ్లను అడగాలి. "మీకు ఓపిక ఎన్ని గంటలుంటుంది? మధ్యాహ్నం నడుం వాల్చే సమయం ఏది? నెలలో ఎన్ని రోజులు చెల్లెలి ఇంటికో, గుడికో వెళ్లొస్తారు?" అని కూర్చుని మాట్లాడాలి. వాళ్లు లేని రోజులకు ప్రత్యామ్నాయం ముందే అనుకోవాలి. లెక్కలు చెప్పమని వాళ్లను ఇబ్బంది పెట్టొద్దు. మనవరాలు పేపరు గట్టిగా చదువుతుంటే వినడం, ఉచ్చారణ సరిచేయడం, తమ చిన్ననాటి సంగతులు చెప్పడం వాళ్లు ఇవ్వగలిగిన గొప్ప తెలుగు పాఠం. మరో పాఠ్యపుస్తకంలో అది దొరకదు.

పెద్దవాళ్లు లేని ఇళ్లలో, ఇద్దరూ బ్రాంచి ఉద్యోగులే అయినప్పుడు, దగ్గరలో ఇదే దారిలో ఉన్న మరో ఒకటి రెండు కుటుంబాలతో రోజులు పంచుకోవచ్చు. లేదా నమ్మకమైన మనిషిని జీతానికి పెట్టుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే మూడో రకమే మీకు తగినది. పగలు బడి, సాయంత్రం ఇంటి చదువు. ఇందులో తక్కువతనమేమీ లేదు.

5. బ్యాంకు క్యాలెండరుకు తగ్గ చదువు క్యాలెండరు

ఇంటి చదువులో ఉన్న పెద్ద సౌలభ్యం ఇదే. జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగియాలన్న నియమం లేదు. మన పని ఒత్తిడి ఎప్పుడు పెరుగుతుందో మనకు ముందే తెలుసు. జూన్ 30, సెప్టెంబరు 30, డిసెంబరు 31, మార్చి 31. ఈ నాలుగు క్లోజింగుల దగ్గర పిల్లలకు సెలవులు పెట్టండి. ఒక్కో త్రైమాసికంలో తొమ్మిది, పది వారాలు చదువు. చివరి రెండు వారాలు కొత్త పాఠాలుండవు. కథల పుస్తకాలు, బొమ్మలు, తాతగారి ఊరు. మార్చి క్లోజింగుకు మూడు వారాలు తీసుకున్నా తప్పు లేదు. నాలుగు త్రైమాసికాలు కలిపితే 38 వారాలు, వారానికి 5 రోజులు, మొత్తం 190 రోజులు. పైన వేసిన లెక్క ఇదే.

2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు మనకు సెలవు. ఏడాదికి 24 శనివారాలు. వీటిని మామూలు పాఠాలకు వాడకండి. బయటికి తీసుకెళ్లే రోజులుగా ఉంచుకోండి. హైదరాబాదులో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా నక్షత్రశాల, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. విశాఖలో ఉంటే సముద్రతీరాన మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి. ఊరు చిన్నదైతే శాఖా గ్రంథాలయం, చెరువు, నర్సరీ, కుమ్మరి ఇల్లు. ఒక శనివారం చూసినదాని గురించి తర్వాతి వారంలో ఒక పేజీ రాయిస్తే భాషా పాఠం కూడా అయిపోతుంది.

6. ఒక ఇంటి నమూనా

ఊహించి రాసిన ఉదాహరణ ఇది. తల్లి బ్రాంచిలో ఆఫీసరు, ఉదయం 8.45కు బయలుదేరాలి. తండ్రిది ప్రైవేటు ఉద్యోగం, సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరతాడు. ఇంట్లో నాయనమ్మ ఉన్నారు. పాపకు పదేళ్లు.

ఉదయం 6.15 నుంచి 7.15: అమ్మతో లెక్కలు. తల తేటగా ఉన్నప్పుడు కష్టమైన సబ్జెక్టు.

9.30 నుంచి 10.15: నాయనమ్మకు తెలుగు పేపరు, కథల పుస్తకం చదివి వినిపించడం.

10.15 నుంచి 12: సొంత పని. ముందు రోజు రాత్రి అమ్మ చీటీ మీద రాసి పెట్టిన మూడు పనులు. మూడే, నాలుగు కాదు.

మధ్యాహ్నం: భోజనం, విశ్రాంతి, బొమ్మలు, కుట్టుపని, మొక్కలు.

సాయంత్రం 5 నుంచి 6.30: బడి నుంచి వచ్చిన కాలనీ పిల్లలతో ఆట. వర్షం వచ్చినా, చుట్టాలు వచ్చినా ఇది తప్పకూడదు.

రాత్రి 7.30 నుంచి 8.15: నాన్నతో సైన్సు ఒకరోజు, ఇంగ్లీషు ఒకరోజు.

రాత్రి 9 గంటలకు పది నిమిషాలు: డే ఎండ్. ఇవాళ ఏమైంది, ఏం మిగిలింది, రేపటి చీటీ ఏమిటి. ఒక లాంగ్‌బుక్కులో తేదీ వేసి రాసుకోవడం. బ్రాంచిలో క్యాష్ టాలీ కాకుండా ఇంటికి కదలం. ఇక్కడ మాత్రం టాలీ కాకపోయినా నిద్రపోవచ్చు, మిగిలింది రేపటికి వేసుకోవచ్చు.

ఇందులో అమ్మ వాటా గంట, నాన్న వాటా ముప్పావు గంట. నాన్న వాటా కాగితం మీద ఉండి అమలులో లేకపోతే మొత్తం ఏర్పాటు ఆరు నెలల్లో కూలుతుంది. ఆదివారం రెండు గంటలు చెప్పి వారమంతా తప్పించుకునే నాన్నలు ఈ పట్టికను ఫ్రిజ్ మీద అంటించుకోవడం మంచిది.

మరో నియమం కూడా పెట్టుకోవాలి. బ్రాంచిలో ఇన్‌స్పెక్షను, సిస్టం ఆగిపోవడం, నగదులో తేడా వంటి రోజులు ఎవరికైనా వస్తాయి. అలసిపోయి, విసుగుతో పాఠం చెప్పడం కన్నా చెప్పకపోవడమే మేలు. అలాంటి రోజుకు "కనీస చదువు" ముందే నిర్ణయించుకోండి. 20 నిమిషాలు చదవడం, పది లెక్కలు చేయడం. అంతే. వారంలో ఒకటి రెండు కనీస రోజులున్నా చదువు ఆగదు. పిల్ల మీద అరిచిన రోజు మాత్రం తర్వాతి మూడు రోజులను కూడా మింగేస్తుంది.

7. ఉద్యోగం మానాలనుకుంటే, ముందు ఈ లెక్క

ఇంతా చూశాక కూడా ఒకరు మానక తప్పదని అనిపించవచ్చు. అది మీ కుటుంబం నిర్ణయం. కానీ నెల జీతం ఒక్కటే పోతుందనుకోవద్దు.

2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవారు ఎన్‌పీఎస్‌లో ఉన్నారు. బేసిక్, డీఏ కలిపిన దాంట్లో ఉద్యోగి 10 శాతం, బ్యాంకు 14 శాతం జమచేస్తాయి. ఆ రెండూ కలిపి నెలకు 80,000 రూపాయలు అనుకుంటే, ఉద్యోగి వాటా 8,000, బ్యాంకు వాటా 11,200. నెలకు 19,200, ఏడాదికి 2,30,400 రూపాయలు. ఇది వృద్ధాప్యం కోసం పెరుగుతూ పోయే సొమ్ము. అంతకుముందు చేరి 1995 పెన్షను నిబంధనల కిందికి వచ్చేవారి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్వచ్ఛంద పదవీ విరమణతో పెన్షను రావాలంటే 20 ఏళ్ల అర్హతా సర్వీసు ఉండాలి. అంతకుముందే రాజీనామా ఇస్తే గడిచిన సర్వీసు పెన్షనుకు లెక్కకు రాదు. పద్దెనిమిదేళ్లు చేసినవారు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క వాక్యం మళ్లీ చదువుకోవాలి.

వీటితోపాటు స్టాఫ్ హౌసింగ్ లోను మీద రాయితీ వడ్డీ, కుటుంబ వైద్య బీమా, రావలసిన ప్రమోషను కూడా పట్టికలో వేయండి. ఎదురు పక్కన మిగిలే ఖర్చులు రాయండి. బడి ఫీజు, బస్సు, ట్యూషను. పగలు చూసుకునే మనిషికి ఇవ్వాల్సిన జీతం ఎంతో కనుక్కుని అదీ రాయండి. తరచుగా ఆ మనిషి జీతం, వదులుకునే జీతంలో చిన్న భాగమే అవుతుంది.

రాజీనామాకూ మామూలు ఉద్యోగానికీ మధ్య మెట్లున్నాయి. దాచుకున్న పీఎల్, జీతం లేని సెలవు, దంపతులు ఒకే చోట ఉండేలా బదిలీ అభ్యర్థన. ఏ సెలవు ఎన్ని రోజులు దొరుకుతుంది, ఇంక్రిమెంటు మీద, సీనియారిటీ మీద దాని ప్రభావం ఏమిటి అన్నవి మీ బ్యాంకు సర్క్యులరులో చూసి, హెచ్‌ఆర్ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పక్క బ్రాంచిలో ఎవరో చెప్పిన మాట మీద నడవొద్దు.

8. బ్యాంకు ఇంటి పిల్లలకు తగిన పాఠం

ఇంటి చదువుకు ఖరీదైన కిట్లు అక్కర్లేదు. మన చేతిలో రోజూ తిరిగే నోట్లతో ఆరు వారాల పాఠం తయారవుతుంది. కొత్త వరుస నోట్లను తిప్పి చూడండి. 10 రూపాయల మీద కోణార్క సూర్యదేవాలయం, 20 మీద ఎల్లోరా గుహలు, 50 మీద హంపి రాతి రథం, 100 మీద గుజరాత్ పాటన్‌లోని రాణీ కీ వావ్ మెట్లబావి, 200 మీద సాంచీ స్తూపం, 500 మీద ఢిల్లీ ఎర్రకోట. వారానికొక నోటు తీసుకుని, ఆ చోటు పటంలో ఎక్కడుందో గుర్తించడం, ఎవరి కాలం నాటిదో తెలుసుకోవడం, ఒక బొమ్మ గీయడం, ఐదు వాక్యాలు రాయడం. చరిత్ర, భూగోళం, భాష ఒకే దారాన వస్తాయి.

నోటు వెనుక భాషల పట్టీలో 15 భాషలున్నాయి. అందులో తెలుగు ఎన్నో వరుసలో ఉందో వెతకమనండి. పైనుంచి 14వది, ఉర్దూకు ముందు. ఎందుకు అక్కడుందని అడగనివ్వండి. ఇంగ్లీషులో భాషల పేర్లను అక్షరక్రమంలో పేరిస్తే జవాబు వాళ్లకే తెలుస్తుంది.

పదేళ్లు నిండిన పిల్లలకు సొంతంగా నడుపుకునే సేవింగ్స్ ఖాతా తెరవవచ్చు. పండగ డబ్బులు అందులో వేయించి, పాస్‌బుక్కు వాళ్లనే చదవమనండి. 1,000 రూపాయలకు 6 శాతం బారువడ్డీ మూడేళ్లకు ఎంత, చక్రవడ్డీ ఎంత? మొదటిది 180. రెండోది 191 రూపాయల 2 పైసలు. ఆ 11 రూపాయల 2 పైసలు ఎక్కడినుంచి వచ్చిందో వివరించగలిగితే, ఆ పిల్లకు చక్రవడ్డీ జీవితాంతం గుర్తుంటుంది.

పుస్తకాల కోసం రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ, ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఆన్‌లైనులో ఉచితంగా దొరుకుతాయి. కేంద్రం 2017లో మొదలుపెట్టిన దీక్షా వేదిక, తెలంగాణ టీ-శాట్ ఛానెళ్లు, తెలుగు కథలు ఎన్నో ఉన్న స్టోరీవీవర్ కూడా ఉపయోగపడతాయి. కానీ ఇవన్నీ సాయానికే. వీడియో పెట్టి వెళ్లిపోవడం వల్ల రెండు గంటలు గడుస్తాయి, పాఠం మాత్రం ఒంటపట్టదు.

9. సర్టిఫికెట్ దారి మరవొద్దు

ముంబైకి చెందిన ఒక అమ్మాయి బడి మాని ఇంట్లోనే చదువుకుంది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచి, 2016లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు సంపాదించింది. మన ఐఐటీల్లో మాత్రం ఆమెకు అవకాశం లేకపోయింది, ఎందుకంటే 12వ తరగతి సర్టిఫికెట్ లేదు. ప్రతిభ ఉంటే దారులు తెరుచుకుంటాయి, నిజమే. అందరికీ ఒలింపియాడ్ పతకాలు రావు. కాబట్టి కాగితం దారి ముందే చూసుకోవాలి.

1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, ఇందుకు ప్రధానమైన దారి. పదో తరగతికి 14 ఏళ్లు, పన్నెండుకు 15 ఏళ్లు నిండితే నమోదు కావచ్చు. ఉత్తీర్ణతకు ఐదు సబ్జెక్టులు ఉండాలి. అందులో ఒక భాష తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలల్లో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, అన్నీ ఒకేసారి రాయాలని లేదు. పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. చిన్న పిల్లలకు 3, 5, 8 తరగతులతో సమానమైన మూడు స్థాయిలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఇంజనీరింగో, మెడిసినో ఆలోచన ఉంటే ఆ ప్రవేశ పరీక్షకు ఏ సబ్జెక్టులు కావాలో ఆ ఏటి సమాచార పత్రంలో చూసి, నమోదు రోజే సబ్జెక్టులు ఎంచుకోవాలి.

బదిలీ మీద వేరే రాష్ట్రం వెళ్లినా ఎన్‌ఐఓఎస్ అక్కడా ఉంటుంది. మన కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు.

10. సరిగా సాగుతోందని తెలిసేదెలా? ఎప్పుడు ఆపాలి?

మూడో తరగతి వయసు ముగిసేసరికి పిల్లలు తెలియని కథను అర్థం చేసుకుంటూ చదవాలని, 9,999 దాకా సంఖ్యలతో పని చేయగలగాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. ఆ వయసు పిల్లలకు ఇది మంచి కొలబద్ద. పెద్దవాళ్లకు మూడు నెలలకోసారి ఆ తరగతి పాఠ్యపుస్తకం నుంచి ప్రశ్నలు తీసి, ఇంటివారు కాని ఒకరితో పరీక్ష పెట్టించండి. ఆడిట్ బయటివాళ్లు చేస్తేనే కదా లోపం తెలిసేది.

మార్కుల కన్నా ముందు చూడాల్సిన గుర్తులు ఉన్నాయి. వారంలో నాలుగు రోజులు తోటి పిల్లలతో ఆడుతోందా? కొత్తవాళ్లతో మాట్లాడుతోందా? పొద్దున లేచి చీటీ కోసం తనే వెతుక్కుంటోందా, లేక పది దాకా పడుకుంటోందా? అమ్మకు బ్రాంచిలో పని చెడిపోతోందా? నాయనమ్మ ఆరోగ్యం తగ్గుతోందా? ఈ ప్రశ్నల్లో రెండింటికి జవాబు రెండు నెలలపాటు బాగోలేదంటే ఏర్పాటు మార్చండి. అవసరమైతే తిరిగి బడిలో చేర్చండి. ఒక ఏడాది ఇంట్లో చదివి మళ్లీ బడికి వెళ్లడం ఓటమి కాదు. కుటుంబం చూసి, తూచి తీసుకున్న మరో నిర్ణయం, అంతే.

అభ్యాసం

వచ్చే రెండో శనివారం, ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. పాఠం, తోడు, స్నేహం. ఒక్కో గడిలో రోజుకు ఎన్ని గంటలు కావాలో, ఆ గంటలు ఎవరు ఇస్తారో పేరుతో రాయండి. పేరు లేకుండా మిగిలిన గంటలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఎర్ర గంటలు ఏవీ లేకపోతే మూడు నెలలకు ప్రయోగంగా మొదలుపెట్టండి, ఏడాదికి కాదు. రెండు మూడు మిగిలితే ఎవరిని అడగాలో, ఏ సెలవు వాడాలో ఆలోచించండి. అంతకన్నా ఎక్కువ మిగిలితే పగలు బడే ఉండనివ్వండి, సాయంత్రపు గంటను మాత్రం వదలకండి.

కాగితం నింపేటప్పుడు పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. "నీకెలా ఉంటే బాగుంటుంది?" అని ఆమెనూ అడగండి. ఆమె చెప్పింది కూడా ఒక గడిలో రాయండి.